తొమ్మిది సిస్టమ్స్ చేరాయి, పదోది చేరట్లేదు, గాజువాక నుంచి రిమోట్ లాగిన్ కూడా పోయింది, ఎవరైనా చూడండి బాబూ

లెడ్జర్ శీను · సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ మనిషిని కాదు, విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎప్పుడో ఒకసారి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీసిన పాపానికి అప్పట్నుంచీ కంప్యూటర్ అంటే చాలు నన్నే కేకేస్తారు. పోయినేడు మా ఓనర్ గారు ఒకాయన్ని పెట్టి సర్వర్ కొన్నారు, విండోస్ సర్వర్ 2019, డొమైన్ అన్నారు, అందరికీ ఒకే పాస్‌వర్డ్ పద్ధతి అన్నారు, బానే ఉంది. సర్వర్ పెట్టినాయన నాకొక లాగిన్ ఇచ్చి "మిగతావి నువ్వే చేర్చేస్కో తమ్ముడూ, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో డొమైన్ పేరు కొట్టడమే" అని చెప్పి వెళ్ళారు, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.

మొత్తం 12 ఉన్నాయి. 9 చేర్చాను, ఒక్కదానికీ ఇబ్బంది రాలేదు. పదోది ఎర్రర్ కొడుతోంది. పదకొండోది ఇంకో ఎర్రర్. పన్నెండోది గాజువాక బ్రాంచిలో మేడమ్ గారి లాప్‌టాప్, అది అసలు డొమైన్ అన్న ఆప్షనే చూపించట్లేదు. ఇవి చాలవన్నట్టు మేడమ్ గారు గాజువాక నుంచి ఇక్కడి తన సిస్టమ్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వచ్చి టాలీ చేస్కునేవారు, రెండు వారాల్నుంచి అదీ కనెక్ట్ అవ్వట్లేదు. ఆవిడ రోజూ కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల మధ్య పడి ఇక్కడికి వస్తున్నారు, వచ్చిన దగ్గర్నుంచి నా వైపే చూస్తున్నారు. ఏం చెయ్యాలి?

రీఇన్‌స్టాల్ రాజా · సోమవారం రాత్రి 9:58

ఆ రెండూ ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా విండోస్ వేసెయ్ బ్రో, ఫైర్‌వాల్ కూడా ఆఫ్ చేసెయ్, సగం ప్రాబ్లమ్స్ దాంతోనే పోతాయ్

పింగ్ పాపారావు · సోమవారం రాత్రి 10:15

రాజా, నీకు జలుబు చేస్తే ముక్కు కోయించుకుంటావా ఏంటి.

శీను గారూ, "ఎర్రర్ కొడుతోంది" అంటే మాకేం తెలుస్తుందండీ. పదోదానికి ఏం వచ్చిందో, పదకొండోదానికి ఏం వచ్చిందో అక్షరం పొల్లుపోకుండా చెప్పండి. ఇంకోటి, ఆయన మీకిచ్చిన లాగిన్ అడ్మిన్‌దా, మామూలు ఉద్యోగి లాగినా? ఆ లాగిన్‌తో సర్వర్‌లోకి ఎప్పుడైనా వెళ్ళారా?

లెడ్జర్ శీను · మంగళవారం ఉదయం 10:31

సారీ సార్, నిన్న ఇంటికెళ్ళి టైప్ చేశాను, ఇప్పుడు సిస్టమ్ ముందు కూర్చుని చూసి చెప్తున్నాను. పదోదానికి: ఈ డొమైన్‌లో మీరు క్రియేట్ చెయ్యగలిగిన కంప్యూటర్ అకౌంట్ల లిమిట్ దాటిపోయారు, అడ్మినిస్ట్రేటర్‌ని కలిసి పెంచుకోండి అని. పదకొండోదానికి: ఈ డొమైన్‌కి యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌ని కాంటాక్ట్ చెయ్యలేకపోయాం అని. లాగిన్ మామూలుదే అనుకుంటాను, సర్వర్‌లోకి పోనివ్వట్లేదు.

లిమిట్ ఏంటి సార్, కొన్నదే 12 కంప్యూటర్లకి కదా? లైసెన్సు తక్కువ ఇచ్చారా మాకు?

పింగ్ పాపారావు · మంగళవారం ఉదయం 11:05

లైసెన్సుకీ దీనికీ సంబంధం లేదు, కొన్నచోట గొడవకి వెళ్ళకండి. యాక్టివ్ డైరెక్టరీలో, అంటే డొమైన్‌లోని మనుషుల, కంప్యూటర్ల లెక్క సర్వర్ రాసుకునే చిట్టాలో, ఎప్పట్నుంచో ఒక వాడుక ఉంది. మామూలు యూజర్ ఎవరైనా సరే, అడ్మిన్ కాకపోయినా, 10 కంప్యూటర్ల దాకా డొమైన్‌లో చేర్చొచ్చు. డీఫాల్ట్‌గా అంతే. మషీన్ అకౌంట్ కోటా అంటారు. పది దాటి ఇంకోటి చేర్చబోతే మీరు చూసిన ఆ లిమిట్ మెసేజ్ వస్తుంది. అందుకే మీకు ఇన్నాళ్ళూ ఏ అడ్డూ తగల్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ లేదన్న సంగతే మీకు తట్టలేదు.

లెడ్జర్ శీను · మంగళవారం ఉదయం 11:12

సార్ కానీ నేను చేర్చింది తొమ్మిదే. ఆగింది పదోదాని దగ్గర. లెక్కల మనిషిని సార్, ఇది తప్పు లెక్కపెట్టను.

మాధవధార మాధురి · మంగళవారం మధ్యాహ్నం 1:20

లెక్క సర్వర్ దగ్గర ఇంకోలా ఉండుంటుంది శీను గారూ. మధ్యలో ఏదైనా సిస్టమ్ ఫార్మాట్ చేసి కొత్త పేరుతో మళ్ళీ చేర్చారా? అలా చేస్తే పాత పేరు మీద ఉన్న అకౌంట్ దానంతటది పోదు, అక్కడే పడుంటుంది, మీ ఖాతాలోనే లెక్క. చూడాలంటే సర్వర్‌లో యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్ తెరిచి కంప్యూటర్స్ అన్న ఫోల్డర్‌లో లెక్కపెట్టాలి. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఓనర్ గారిని అడగండి, సర్వర్ బిల్లు ఉన్న ఫైలులోనే ఎక్కడో ఉంటుంది, సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

పదకొండోది కోటా గొడవ కాదు, అది డీఎన్ఎస్, అంటే పేరు చెప్తే దాని ఐపీ నంబర్ చెప్పేది. ఆ సిస్టమ్‌లో నెట్‌వర్క్ కార్డ్ ప్రాపర్టీస్‌లో డీఎన్ఎస్ ఏం పెట్టి ఉందో చూడండి. చేరిన తొమ్మిదిట్లో ఒకదానిలో ఏముందో అదీ చూడండి. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి.

ఆటోనగర్ అప్పన్న · మంగళవారం మధ్యాహ్నం 2:08

ముందు కేబుల్ సూడు బాబూ. బీచ్ దగ్గర ఒక ఆఫీసుకి ఎల్తే నెట్టు అరగంటకోసారి పోతందని మూడు రౌటర్లు మార్చీసినారు, నేను ఎల్లి జాక్ పీకి సూత్తే లోపల పిన్నులు పచ్చగా సిలుం పట్టీసున్నాయి. ఉప్పుగాలి. పది రూపాయల జాక్ కొత్తది కొట్టినాను, అంతే. మీది డాబాగార్డెన్సు కాబట్టి అంత ఉండదులే గానీ సూడడానికి డబ్బులేటి.

లెడ్జర్ శీను · మంగళవారం సాయంత్రం 6:50

మాధురి గారూ, పాస్‌వర్డ్ దొరికింది! ఓనర్ గారి బీరువాలో, సర్వర్ వారంటీ కాగితం వెనకాల పెన్సిల్‌తో రాసుంది. సున్నానా ఓ అక్షరమా తెలీక నాలుగుసార్లు కొట్టాను, చివరికి సున్నానే.

లెక్కపెట్టాను. పది ఉన్నాయి. పదోది ఎవరా అని చూస్తే రిసెప్షన్‌లో ఉన్న సిస్టమే, ఉగాదికి ముందు హార్డ్ డిస్క్ పోతే కొత్తది వేయించి వేరే పేరుతో చేర్చాను, పాత పేరు ఇంకా అలాగే ఉంది. మీరు చెప్పింది అక్షరాలా కరెక్ట్. పాతది డిలీట్ చేసెయ్యనా?

పదకొండోదానిలో డీఎన్ఎస్ 8.8.8.8 అని ఉంది. మిగతావాటిలో 192.168.1.10 అని ఉంది, అది సర్వర్ నంబరే. కేబుల్ బానే ఉంది అప్పన్న గారూ, లైట్ వెలుగుతోంది.

మాధవధార మాధురి · మంగళవారం రాత్రి 8:34

డిలీట్ చెయ్యండి, ఆ పేరుతో ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్ ఏదీ లేదని ఇంకోసారి చూస్కుని. కానీ పదోదాన్ని చేర్చేటప్పుడు పేరూ పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, అక్కడ మీ లాగిన్ కాకుండా అడ్మిన్‌ది కొట్టండి. అడ్మిన్‌కి ఆ పది లిమిట్ వర్తించదు.

డీఎన్ఎస్ సంగతి. మీ సిస్టమ్ "డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందీ" అని, అంటే మీ సర్వర్ ఎక్కడుందని, డీఎన్ఎస్‌నే అడుగుతుంది. మీ ఆఫీసు లోపల పెట్టుకున్న పేరు గూగుల్ వాళ్ళ 8.8.8.8 కి ఎలా తెలుస్తుంది చెప్పండి? జగదాంబ జంక్షన్‌లో నిలబడి "మా మేనత్త ఇల్లెక్కడ" అని దారినపోయేవాణ్ణి అడిగినట్టు. డీఎన్ఎస్‌లో సర్వర్ నంబర్ ఒక్కటే పెట్టండి. కొంతమంది రెండోదాంట్లో 8.8.8.8 ఉంచుతారు, సేఫ్టీకి అంటారు, అదీ వద్దు, ఒకరోజు పనిచేసి ఒకరోజు మానేస్తుంది, అప్పుడు పట్టుకోవడం ఇంకా కష్టం. బయటి ఇంటర్నెట్ పేర్లు కావాలంటే సర్వరే బయట అడిగి తెచ్చిపెడుతుంది.

రీఇన్‌స్టాల్ రాజా · మంగళవారం రాత్రి 8:51

ఆ కోటాని 10 నుంచి 1000 చేసేస్తే పోద్దిగా, ఏడీఎస్ఐ ఎడిట్‌లో మార్చొచ్చు, యూట్యూబ్‌లో చూశా

పింగ్ పాపారావు · మంగళవారం రాత్రి 9:10

మార్చే చోటు కరెక్టే చెప్పావు, మార్చే నంబరే తప్పు. 1000 కాదు, సున్నా చెయ్యాలి. ఊరూ పేరూ లేని లాప్‌టాప్ తెచ్చి ఏ ఉద్యోగైనా డొమైన్‌లో పెట్టగలిగితే అదేం డొమైన్? చేర్చే పని అడ్మిన్‌కో, అడ్మిన్ అప్పగించిన ఒక్క మనిషికో ఉండాలి. శీను గారూ, మీ 12 అయ్యాక ఆ నంబర్ సున్నా చేసి పెట్టండి.

లెడ్జర్ శీను · బుధవారం మధ్యాహ్నం 12:15

పదోది చేరిపోయింది, స్వాగతం అని బాక్స్ వచ్చింది, టీ తాగాను.

పదకొండోది డీఎన్ఎస్ మార్చాక ముందుకెళ్ళింది, పేరు పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాక ఇప్పుడు సర్వర్‌కీ ఈ సిస్టమ్‌కీ టైమ్ తేడా ఉంది అంటోంది. కింద చూస్తే 2009 జనవరి 1. మా టైపిస్ట్ అమ్మాయిని అడిగితే "రోజూ అంతే అన్నయ్యా, పొద్దున్న రాగానే డేటు మార్చుకుంటాను, లేకపోతే ఐస్‌గేట్, అదే కస్టమ్స్ వాళ్ళ సైట్, ఓపెన్ అవ్వదు" అంది. ఎన్నాళ్ళ నుంచి అంటే దీపావళి నుంచట. ఒక్కరోజు కూడా నాకు చెప్పలేదు!

ఆటోనగర్ అప్పన్న · బుధవారం మధ్యాహ్నం 12:40

సెల్లు అయిపోనాది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాగ గుండ్రంగా ఉంటాది, సీఆర్ 2032 అని దాని మీదే రాసుంటాది, 3 వోల్టులు. వాచీల షాపులో కూడా అమ్ముతారు. రాత్రి మెయిన్ ఆపీసి ఎల్తారు గదా, సెల్లు లేకపోతే టైము ఎవుడు గుర్తెట్టుకుంటాడు. కరెంటు పీకీసి, కేబినెట్ ఇప్పి, పక్కనున్న సిన్న క్లిప్పు నొక్కితే పైకి లెగుత్తాది. రాత ఉన్న ఏపు పైకుండాల.

లెడ్జర్ శీను · బుధవారం సాయంత్రం 5:22

అప్పన్న గారూ సెల్ వేశాను, డేట్ నిలబడింది. టైమ్ ఫోన్‌తో పోల్చి సెకన్లతో సహా పెట్టాను. అయినా అదే టైమ్ తేడా ఎర్రర్! గోడ గడియారం, ఫోన్, సర్వర్, ఇది, నాలుగూ ఒకటే చూపిస్తున్నాయి. నాకు పిచ్చెక్కుతోంది.

రుషికొండ నైట్‌షిఫ్ట్ · బుధవారం రాత్రి 11:48

టైమ్ జోన్ చూశావా గురూ? మాకు యూఎస్ క్లయింట్లతో ఇదే తలనొప్పి. విండోస్ వేసినప్పుడు ఎవరో జోన్ మార్చకుండా నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుపోయుంటారు, పసిఫిక్ టైమ్‌లో ఉండిపోయుంటుంది, ఆ అమ్మాయి రోజూ ముళ్ళు తిప్పి మన టైమ్ పెట్టుకుంటోంది. పైకి కనబడేది ఒకటే, కానీ కెర్బరోస్ పోల్చేది యూటీసీ టైమ్‌ని, అంటే ప్రపంచమంతటికీ ఒకటే ఉండే టైమ్‌ని. మన సాయంత్రం ఐదున్నర వేరు, కాలిఫోర్నియా సాయంత్రం ఐదున్నర వేరు కదా. కెర్బరోస్ అంటే డొమైన్‌లో నువ్వెవరో తేల్చే పద్ధతి, డీఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా దాకా ఊరుకుంటుంది, అంతకు మించితే టికెట్ ఇవ్వదు. జోన్ ఇండియా, ప్లస్ 5:30 పెట్టి అప్పుడు టైమ్ సరిచెయ్. ఒకసారి డొమైన్‌లో చేరాక టైమ్ అదే సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది, ఇంక నువ్వు చూడక్కర్లేదు. సర్వర్ టైమ్ మాత్రం కరెక్ట్‌గా ఉండేలా చూస్కో, అది తప్పితే ఊరంతా తప్పుతుంది.

లెడ్జర్ శీను · గురువారం ఉదయం 10:09

పసిఫిక్. అక్షరాలా పసిఫిక్ అనే ఉంది. మార్చాను, చేరింది. టైపిస్ట్ అమ్మాయికి డేట్ మార్చే పని తప్పింది, చాక్లెట్ తెచ్చిచ్చింది.

ఇంక గాజువాక మేడమ్ గారి సంగతి చూడండి ప్లీజ్. సర్వర్ పెట్టినాయన రౌటర్‌లో ఏదో పోర్ట్ 3389 తెరిచి, ఇక్కడి మేడమ్ గారి సిస్టమ్‌కి మళ్ళించారట. అక్కడ ఆవిడ మా ఆఫీసు ఐపీ నంబర్ కొడితే తెరుచుకునేది. ఇప్పుడు ఏం కొట్టినా కనెక్ట్ అవ్వలేదనే అంటోంది.

రుషికొండ నైట్‌షిఫ్ట్ · గురువారం ఉదయం 11:02

రెండు వారాల కిందట ఇంటర్నెట్ ప్లాన్ గానీ కంపెనీ గానీ మార్చారా? రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ వైపున్న నంబర్, ఎంత ఉందో చూసి చెప్పు. పూర్తి నంబర్ ఇక్కడ పెట్టకు, మొదటి రెండు ముక్కలు చాలు.

లెడ్జర్ శీను · గురువారం ఉదయం 11:30

అవును మార్చాం! నెలకి నాలుగొందలు తక్కువని ఓనర్ గారు మార్పించారు. వ్యాన్ 100.81 తో మొదలవుతోంది.

రుషికొండ నైట్‌షిఫ్ట్ · గురువారం ఉదయం 11:44

దొరికింది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లు బయటి ప్రపంచానికి కనబడవు, ఇంటర్నెట్ కంపెనీ తన లోపల వాడుకునేవి. వందల కనెక్షన్లని ఒకే బయటి ఐపీ వెనకాల కూర్చోబెడతారు, సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఇచ్చి ఫ్లాట్ నంబర్లు వాచ్‌మన్ దగ్గరే ఉంచుకున్నట్టు. లోపల్నుంచి బయటికి వెళ్ళడానికి ఇబ్బంది లేదు, బయట్నుంచి నీ తలుపు తట్టడం కుదరదు. నీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు.

ఒకరకంగా మీ ఓనర్ గారి నాలుగొందల పొదుపు మీ ఆఫీసుని కాపాడింది. 3389 అంటే రిమోట్ డెస్క్‌టాప్ తలుపు, దాన్ని నేరుగా ఇంటర్నెట్ మీద తెరిచిపెట్టడం అంటే పూర్ణా మార్కెట్‌లో గల్లాపెట్టె తెరిచిపెట్టి భోజనానికి వెళ్ళడమే. మేడమ్ గారి సిస్టమ్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీలో 4625 అన్న నంబర్ వెతుకు, ప్లాన్ మారకముందు తేదీల్లో. పాత లాగ్ ఇంకా మిగిలుంటే కనబడుతుంది.

లెడ్జర్ శీను · గురువారం మధ్యాహ్నం 3:17

చూశాను. చేతులు చల్లబడ్డాయి. అర్ధరాత్రి రెండింటికి, రెండూ పది సెకన్లకి, రెండూ పదమూడు సెకన్లకి, అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, టెస్ట్, యూజర్1, స్కానర్, ఎవరెవరివో ఇంగ్లీషు పేర్లు, మౌస్ చక్రం తిప్పుతుంటే అలా వస్తూనే ఉన్నాయి. మా ఆఫీసులో స్కానర్ అనే మనిషి ఎవరూ లేరు. ఇవన్నీ లోపలికొచ్చాయా సార్??

పింగ్ పాపారావు · గురువారం మధ్యాహ్నం 3:40

భయపడకండి, 4625 అంటే ప్రయత్నించి ఓడిపోయినవి. గెలిచినవి 4624 లో ఉంటాయి, లాగాన్ టైప్ 10 ఉన్నవి, అంటే రిమోట్ డెస్క్‌టాప్‌తో వచ్చినవి, చూడండి, కొన్నిసార్లు 3 కింద కూడా పడతాయి, మేడమ్ గారు కాకుండా వేరే పేరు గానీ, బయటి ఐపీ గానీ ఉందేమో వెతకండి. ఏమీ లేకపోయినా అందరి పాస్‌వర్డ్‌లూ మార్చండి, బీరువాలో ఉన్నదీ మార్చండి. ఆ పోర్ట్ మళ్ళింపు రౌటర్‌లోంచి ఈరోజే తీసెయ్యండి, రేపు ప్లాన్ మారితే మళ్ళీ తలుపు తెరుచుకుంటుంది.

2019 మే నెలలో బ్లూకీప్ అని ఒకటి బయటపడింది, పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ తెలీకుండానే ఈ దారిలో దూరిపోవచ్చు, అప్పటికి సపోర్ట్ ఆగిపోయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, అంత భయపడ్డారు. పోర్ట్ నంబర్ 3390 చేస్తే ఎవరికీ తెలీదులే అని రాజా అనబోతున్నాడు, అదీ పనికిరాదు, వెతికే ప్రోగ్రాములు అన్ని తలుపులూ తడతాయి.

రీఇన్‌స్టాల్ రాజా · గురువారం మధ్యాహ్నం 3:52

నేనేం అనలేదండీ బాబూ 😅 అనబోయా అంతే

మాధవధార మాధురి · గురువారం సాయంత్రం 7:15

దారి రెండు శీను గారూ. ఒకటి, ఇంటర్నెట్ వాళ్ళ దగ్గర స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత నంబర్, కొనుక్కుని రౌటర్‌లో వీపీఎన్ పెట్టడం, అంటే రెండు ఆఫీసుల మధ్య బయటివాళ్ళకి కనబడని దారి వెయ్యడం. రెండోది, స్టాటిక్ ఐపీ లేకుండానే టెయిల్‌స్కేల్ లాంటి ప్రోగ్రామ్ రెండు సిస్టమ్స్‌లోనూ వేసుకోవడం, సీజీనాట్ వెనకాల ఉన్నా రెండు వైపుల నుంచీ బయటికొచ్చి కలుస్తాయి. ఒక్క మేడమ్ గారికే కాబట్టి మీకు రెండోది చాలు.

మొదటి దారిలో వెళ్తే ఒక గొయ్యి ఉంది. మీ ఆఫీసు 192.168.1 సిరీస్. గాజువాకలో కూడా కొన్న రౌటర్ కొన్నట్టే పెట్టుంటారు, అక్కడా 192.168.1 ఉండొచ్చు. రెండు వీధులకీ ఒకే పేరు, ఒకే ఇంటి నంబర్లు ఉంటే ఉత్తరం ఎవరికివ్వాలో పోస్ట్‌మన్‌కి తెలీదు, వీపీఎన్ పచ్చగా కనెక్ట్ అయినట్టే ఉంటుంది, లోపల ఏదీ దొరకదు. నేను ఇదే గోతిలో రెండు రోజులున్నాను. అప్పుడు గాజువాకది మార్చుకోవాలి.

ఆ లాప్‌టాప్ డొమైన్ ఆప్షన్ చూపించట్లేదంటే అది విండోస్ హోమ్ ఎడిషన్. హోమ్‌ని డొమైన్‌లో చేర్చలేం, ప్రో కావాలి.

రీఇన్‌స్టాల్ రాజా · గురువారం రాత్రి 8:03

హోమ్ అయితే రిమోట్ డెస్క్‌టాప్ కూడా ఉండదుగా, ఇదైతే నాకు కచ్చితంగా తెలుసు

మాధవధార మాధురి · గురువారం రాత్రి 8:20

సగం నిజం రాజా. హోమ్ ఉన్న సిస్టమ్‌లోకి వేరేవాళ్ళు రాలేరు. హోమ్ లోంచి వేరే సిస్టమ్‌లోకి వెళ్ళడానికి అడ్డేం లేదు. ఆవిడ వెళ్ళేవారే కదా, ఇక్కడిది ప్రో అయితే సరిపోతుంది. లాప్‌టాప్‌కి డబ్బు పెట్టక్కర్లేదు.

లెడ్జర్ శీను · శుక్రవారం మధ్యాహ్నం 1:05

4624 మొత్తం చూశాను, అన్నీ మా వాళ్ళవే, సింహాచలం అప్పన్న దయ. పోర్ట్ తీసేశాను. పాస్‌వర్డ్‌లు మార్చాను, అందరూ తిట్టుకుంటున్నారు. టెయిల్‌స్కేల్ రెండు వైపులా వేశాను, గాజువాక నుంచి పింగ్ వస్తోంది!

కానీ లాగిన్ కొడితే, ఈ యూజర్ అకౌంట్‌కి రిమోట్ లాగిన్ అనుమతి లేదు అంటోంది. డొమైన్ అకౌంట్‌తో రావడం ఇదే మొదటిసారి, ముందు ఆ సిస్టమ్‌లోని పాత అకౌంట్‌తో వచ్చేవారు. సర్వర్‌లోకెళ్ళి రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ అనే గ్రూప్ కనబడితే ఆవిడ పేరు అందులో వేశాను. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. ఉహూ.

పింగ్ పాపారావు · శుక్రవారం మధ్యాహ్నం 1:48

గ్రూప్ పేరు కరెక్టు, ఉన్న చోటే తప్పు. మీరు వేసింది సర్వర్‌లో బిల్టిన్ ఫోల్డర్ కింద ఉన్నది కదా? అది డొమైన్ కంట్రోలర్‌ల సొంత గ్రూపు, మిగతా సిస్టమ్స్‌కి పట్టదు. ఆవిణ్ణి అందులోంచి తీసెయ్యండి, సర్వర్ మీద ఆవిడకేం పని. ఇప్పుడు ఆవిడ సిస్టమ్ దగ్గరికే వెళ్ళి, సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్, అక్కడ యూజర్లని ఎంచుకోండి అని ఉంటుంది, అందులో ఆవిడ డొమైన్ పేరు వెయ్యండి. ఆ సిస్టమ్‌కి దాని సొంత గ్రూప్ అదే పేరుతో ఉంటుంది. కొంతమంది విసుగొచ్చి అడ్మినిస్ట్రేటర్స్‌లో పడేస్తారు, వెంటనే లాగిన్ అవుతుంది, కానీ ఆ పని చెయ్యకండి.

ఆ సిస్టమ్ స్లీప్‌లోకి పోకుండా కూడా పెట్టండి. రాత్రి మెయిన్ ఆపేటప్పుడు దీని సంగతి ఓనర్ గారితో మాట్లాడండి.

లెడ్జర్ శీను · శుక్రవారం సాయంత్రం 4:36

వచ్చేశారు! మేడమ్ గారు గాజువాకలో కూర్చుని ఇక్కడి టాలీ తెరిచారు, ఫోన్‌లో ఆవిడ గొంతు వింటే పరీక్ష పాసైనట్టుంది నాకు. పాపారావు గారు, మాధురి గారు, నైట్‌షిఫ్ట్ అన్న, అప్పన్న గారు, అందరికీ దండం. రాజా నీకు కూడా.

కాకపోతే ఐదు నిమిషాలకి మా ఆఫీస్ బాయ్ ఆ సిస్టమ్ ముందు కూర్చుని పేపర్ చదువుకుందామని లాగిన్ కొట్టాడు, మేడమ్ గారు బయటికొచ్చేశారు. మళ్ళీ ఆవిడ లోపలికొస్తే వాడు బయటికి. అలా మూడుసార్లు ఆడుకున్నారు.

రుషికొండ నైట్‌షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 10:30

ప్రో లో ఒకసారికి ఒక్కరే గురూ, అది దాని పద్ధతి. మానిటర్ స్విచ్ ఆపేసి "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించు.

లెడ్జర్ శీను · శనివారం ఉదయం 11:20

అంటించాను. ఇంకొక్కటి, ఇదే ఆఖరు. మేడమ్ గారు గాజువాకలో బిల్లు ప్రింట్ కొడుతుంటే ఇక్కడ డాబాగార్డెన్స్‌లో నా పక్కన ప్రింటర్‌లోంచి వస్తోంది. ఇప్పటికి పద్నాలుగు కాగితాలొచ్చాయి.

మాధవధార మాధురి · శనివారం ఉదయం 11:41

గాజువాక లాప్‌టాప్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తెరిచి, కనెక్ట్ కొట్టకముందు షో ఆప్షన్స్, లోకల్ రిసోర్సెస్, అక్కడ ప్రింటర్స్ దగ్గర టిక్ పెట్టమనండి. లోపలికొచ్చాక ప్రింట్ కొట్టేటప్పుడు లిస్టులో ఆవిడ ప్రింటర్ పేరు పక్కన రీడైరెక్టెడ్ అని కనబడుతుంది, దాన్ని ఎంచుకోవాలి. ఆ పద్నాలుగూ పారెయ్యకండి, వెనకవైపు తెల్లగానే ఉంటాయి.